దివిసీమ ఉప్పెన నుంచి బుడమేరు వరకు – ఉపగ్రహాల చూపు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. గుమాస్తాగిరీ చేసినవాడికి అంతరిక్షంతో ఏమి పని అని మిత్రులు నవ్వవచ్చు. కాని పంట నష్టం లెక్కలు, వరద నివేదికలు రాసి రాసి రిటైరైనవాళ్ళం. భూమిని పైనుంచి చూసే ఉపగ్రహాల కథ మనకు పరాయిది కాదని నా ఉద్దేశం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేల మంది దాకా పోయారని అప్పటి లెక్క. అంతకంటె ఎక్కువని చెప్పేవారూ ఉన్నారు. అప్పటికి మన దేశం పంపిన ఉపగ్రహం 1975 నాటి ఆర్యభట్ట ఒక్కటే. అది భూమిని ఫోటో తీసేది కాదు. ఏ ఊరు నీళ్ళలో ఉందో మనిషి వెళ్ళి చూసి వచ్చి చెబితేనే ఆఫీసుకు తెలిసేది. కరణంగారు చెబుతుంటే కార్బన్ పేపర్లు పెట్టి మూడు ప్రతులు రాసేవాళ్ళం. మూడో ప్రతి ఎవరికీ కనబడేది కాదనుకోండి!

భూమిని చూసేందుకు మనవాళ్ళు చేసిన మొదటి ఉపగ్రహం భాస్కర-1. 444 కిలోల బరువు. 1979 జూన్ 7న రష్యా రాకెట్ మీద వెళ్ళింది. 1983లో ఇన్సాట్-1బి వచ్చాక తుపాను మేఘాల బొమ్మలు మన సొంత ఉపగ్రహం నుంచే అందసాగాయి. 1990 మే 9న మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను తీరం దాటింది. ఈసారి ముందుగానే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. మృతులు వెయ్యి లోపు. ఆ ఘనత అంతా ఉపగ్రహానిదే అనను. రాడారు, రేడియో, రాత్రంతా తిరిగిన మన సిబ్బంది కూడా ఉన్నారు.

ఇక పొలాల సంగతి. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ వెళ్ళింది. దాని ఒక కెమెరా బొమ్మలో ఒక్కో చుక్క నేల మీద 72.5 మీటర్ల చదరం. లెక్క వేయండి: 5,256 చదరపు మీటర్లు, అంటే సుమారు ఎకరం ముప్పై సెంట్లు. రెండో రకం కెమెరాకు చుక్క 32 సెంట్లు. ఎకరం కౌలుకు చేసుకునేవాడి వరి, పక్కవాడి మినుము, మధ్య గట్టు మీది కొబ్బరి, అన్నీ ఆ పెద్ద చుక్కలో కలిసిపోయేవి. 1995 డిసెంబరు 28న వెళ్ళిన ఐ.ఆర్.ఎస్.-1సి నలుపు తెలుపు బొమ్మలో చుక్క 5.8 మీటర్లకు దిగింది. ఒక సెంటు కంటె తక్కువ! ఏడేళ్ళలో అంత మార్పు మన సర్వే శాఖ నూరేళ్ళలో చూడలేదు. ఈ బొమ్మలన్నీ హైదరాబాదు దగ్గర షాద్‌నగర్ కేంద్రంలో దిగేవి.

కాని వరదరోజున ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది గదా, మామూలు కెమెరాకు మబ్బే కనబడుతుంది. అందుకు రాడారు ఉపగ్రహం కావాలి. అది తానే తరంగాలు పంపి తిరిగి వచ్చినవాటిని పట్టుకుంటుంది. నిలిచిన నీటి మీద పడ్డ తరంగం అద్దం మీద వెలుగులా పక్కకు పోతుంది, తిరిగి రాదు. అందుచేత ముంపు నల్లగా కనబడుతుంది. అటువంటి రీశాట్-1 2012 ఏప్రిల్ 26న, దాని వారసుడు ఇ.ఓ.ఎస్.-04 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచి వెళ్ళాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. 2009 నాటి 11.10 లక్షల రికార్డు పోయింది. హైదరాబాదు రిమోట్ సెన్సింగ్ కేంద్రం ముంపు పటాలు ఇచ్చింది. పటంలో మా వీధి కూడా తడిసే ఉంది. అయినా నష్టం రాయడానికి వచ్చినవారు ఇంటి యజమాని పేరు రాసుకున్నారు, కింది వాటాలో అద్దెకున్న కుటుంబాన్ని వదిలేశారు. వాళ్ళ మంచాలు, బియ్యం అన్నీ నానిపోయాయి. నేనూ ఇంకో పెన్షనరూ కాగితాలు పట్టుకుని నాలుగుసార్లు తిరిగితే పేరు ఎక్కింది. అడంగల్లో కౌలుదారు గడి ఖాళీగా ఉండిపోయే రోగమే ఇది. ఏ ఉపగ్రహమూ ఆ గడి నింపదు.

ఇంకో చిక్కు. ఐ.ఆర్.ఎస్.-1ఎ ఒకే చోటికి 22 రోజులకొకసారి వచ్చేది. బుడమేరు నీళ్ళు అన్నాళ్ళు ఆగవు. తరచుగా చూడాలంటే చాలా ఉపగ్రహాలు కావాలి, అంటే అవి చిన్నవిగా, చవకగా ఉండాలి. ఇక్కడే ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. పావులూరి సుబ్బారావుగారు 1992లో హైదరాబాదులో పెట్టిన అనంత్ టెక్నాలజీస్ ఇస్రోకు విడిభాగాలు చేస్తూ వచ్చింది. సంజయ్ నెక్కంటి 2012లో స్థాపించిన ధ్రువ స్పేస్, ప్రభుత్వం 2020లో తలుపులు తీశాక, సొంత ఉపగ్రహాలే పంపింది. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్ళిన థైబోల్ట్ జంట చేతిలో పట్టేంతవి. అవి రేడియో సందేశాల కోసం, ఫోటోలకు కాదు. 2025 ఆగస్టులో అమెరికా ఫాల్కన్-9 మీద వెళ్ళిన లీప్-1లో మాత్రం భూమిని అనేక రంగుల్లో విడదీసి చూసే కెమెరా ఉంది. ఉపగ్రహం హైదరాబాదుది, కెమెరా ఆస్ట్రేలియా కంపెనీది. పంటకు తెగులు తగిలితే ఆకు రంగు మన కంటికంటె ముందే అటువంటి కెమెరా పట్టగలదంటారు.

ఇప్పటి వరదలకు పటాలున్నాయి. 1977కు ఆ రోజున మన ఉపగ్రహం తీసిన పటమేదీ లేదు. దివిసీమలో ఆనాడు డ్యూటీ చేసిన సోదరులు ఏ ఊళ్ళో నీరు ఎంత ఎత్తు వచ్చిందో, ఎన్నాళ్ళు నిలిచిందో జ్ఞాపకం ఉన్నంతవరకు ఒక కాగితం మీద రాసి సంఘం ఆఫీసుకు పంపగోరుతున్నాను.