యుద్ధం ఇచ్చిన పని, పోరాడి తెచ్చుకున్న జీతం

మొదటి ప్రపంచ యుద్ధంలో కష్టపడ్డందుకే బ్రిటన్‌లో ఆడవాళ్లకు ఓటు హక్కు ఇచ్చారని చాలాచోట్ల చదువుతుంటాం. 1918 చట్టాన్ని చూస్తే ఆ మాట నిలవదు. 30 ఏళ్లు నిండి, తమకో భర్తకో ఆస్తి అర్హత ఉన్నవారికే అది ఓటిచ్చింది. మందుగుండు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది అంతకన్నా చిన్నవాళ్లు.

వాళ్ల పని ఎలాంటిదో చెప్పుకోవాలి. ఫిరంగి గుండ్లలో టీఎన్‌టీ నింపేవారు. ఆ మందు ఒంటికి పట్టి చర్మం పచ్చబడేది, జుట్టు రంగు మారిపోయేది. జనం వాళ్లను పసుపు పిట్టల పేరుతో 'కేనరీలు' అని పిలిచేవారు. కాలేయం చెడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1916 డిసెంబరు 5 రాత్రి లీడ్స్ దగ్గర బార్న్‌బో ఫ్యాక్టరీ పేలుడులో 35 మంది స్త్రీలు చనిపోయారు. సెన్సార్ వల్ల యుద్ధం ముగిసేదాకా ఆ సంగతి లోకానికి సరిగా తెలియలేదు. ప్రాణాలిచ్చినవాళ్లు ఎలా పోయారో కూడా దాచడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధగా అనిపిస్తుంది.

యుద్ధం ఆగగానే చాలామందిని ఇంటికి పంపేశారు. పాత పద్ధతులు మళ్లీ తేవడానికి 1919లో చట్టమే చేశారు. అయినా ఒకటి మాత్రం వెనక్కి పోలేదు: పక్కన అదే పని చేస్తున్న మగవాడికి ఎంత ముడుతోందో ఆడవాళ్లు కళ్లారా చూశారు. 1918 ఆగస్టులో మగవాళ్లకు వారానికి 5 షిల్లింగుల యుద్ధ బోనస్ ఇచ్చి తమకు ఎగ్గొడితే, లండన్ బస్సుల్లోని మహిళా కండక్టర్లు సమ్మెకు దిగారు. ట్రాములకూ ఇతర ఊళ్లకూ సమ్మె పాకింది. బోనస్ సాధించారు. నా దృష్టిలో సమానత్వ ఉద్యమానికి యుద్ధకాలపు పని ఇచ్చిన అసలు బలం ఇదే.

21 ఏళ్లకే ఓటు 1928లో వచ్చింది. రెండో యుద్ధంలో, 1941 డిసెంబరు చట్టంతో పెళ్లికాని యువతులను నిర్బంధంగా సేవలోకి తీసుకున్నారు. జీతంలో తేడా మాత్రం పాతదే. 1943లో గ్లాస్గో దగ్గర హిల్లింగ్టన్‌లో రోల్స్‌రాయిస్ కార్మిక స్త్రీలు వేలల్లో సమ్మె చేశారు. మరుసటేడు టీచర్ల సమాన జీతం ప్రతిపాదన పార్లమెంటులో ఒక్క ఓటు తేడాతో నెగ్గితే, ప్రధాని చర్చిల్ దాన్ని విశ్వాస పరీక్షగా మార్చి రద్దు చేయించాడు.

1968లో డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కారు సీట్ల కవర్లు కుట్టే 187 మంది స్త్రీలు మగవాళ్లతో సమాన జీతం ఏదని మళ్లీ అడిగారు. 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. అమల్లోకి వచ్చింది 1975 డిసెంబరు 29న. బస్సు కండక్టర్ల సమ్మెకు అప్పటికి 57 ఏళ్లు.