కోవిడ్ తర్వాత భారత ఆతిథ్య రంగం

2020 మార్చి 25న లాక్‌డౌన్‌తో మూతబడిన భారతదేశపు హోటళ్లు, లాడ్జీలు, రెస్టారెంట్లు తేరుకోవడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఆ కాలంలో వాటిని నిలబెట్టింది ప్రధానంగా దేశంలోని ప్రయాణికులే. విదేశీ పర్యాటకులు 2019లో సుమారు 1.09 కోట్ల మంది రాగా, 2020లో 27 లక్షల మంది, 2021లో 15 లక్షల మందే వచ్చారు.

మూసివేత రోజుల్లో కొన్ని హోటళ్లు వైద్య సిబ్బందికి బస అయ్యాయి. మరికొన్ని, విదేశాల్లో చిక్కుకున్న భారతీయులను తెచ్చిన వందే భారత్ మిషన్ విమానాల్లో దిగినవారికి క్వారంటైన్ కేంద్రాలుగా మారాయి. ఖాళీ గదులకు అలా కొంత రాబడి దొరికింది. అయితే హోటల్‌ను చికిత్సా కేంద్రంగా మార్చడంలోని ప్రమాదం విజయవాడలో ఘోరంగా బయటపడింది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున అలాంటి ఒక హోటల్‌లో మంటలు చెలరేగి పదిమంది చనిపోయారు. ఈ రంగం చరిత్ర రాసేటప్పుడు ఆ మరణాలను వదిలేయకూడదు.

హైదరాబాద్‌లో ఆ ఏడాది రంజాన్ హలీం బట్టీలు వెలగకుండానే గడిచింది. ఈ సీజన్‌కు వండబోమని తయారీదారుల సంఘమే ప్రకటించింది. పెద్ద పెద్ద దేగిశాల్లో కర్రలతో గంటల తరబడి హలీం దంచే పనివాళ్లకు ఆ నెల కూలి లేకుండా పోయింది.

కంటైన్‌మెంట్ జోన్ల బయట హోటళ్లు తెరవడానికి కేంద్రం 2020 జూన్ 8 నుంచి అనుమతించింది. ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉండాలి, అతిథుల సామాన్లను శానిటైజ్ చేశాకే గదికి పంపాలి అని షరతులు పెట్టింది. మెనూ కార్డు పోయి టేబుల్ మీద క్యూఆర్ కోడ్ వచ్చింది. తిరుమలలో మార్చి 20న ఆగిన దర్శనం జూన్ 11న సామాన్య భక్తులకు మళ్లీ మొదలైనా, పరిమిత సంఖ్యలోనే కావడంతో తిరుపతి లాడ్జీలకు పాత రద్దీ వెంటనే రాలేదు. 2021 వేసవిలో రెండో వేవ్ ఈ రంగాన్ని మళ్లీ వెనక్కి నెట్టింది.

ప్రభుత్వ సాయం చాలావరకు అప్పు రూపంలోనే అందింది. అత్యవసర రుణ హామీ పథకాన్ని 2021 మార్చిలో ఈ రంగానికి విస్తరించారు. అదే ఏడాది జూన్‌లో రిజర్వు బ్యాంకు హోటళ్లు, పర్యాటకం వంటి రంగాలకు 15,000 కోట్ల రూపాయల నిధుల వెసులుబాటు ప్రకటించింది. 2022 బడ్జెట్ హామీ పరిమితిని మరో 50,000 కోట్లు పెంచి, ఆ పెంపును ఆతిథ్యం, దాని అనుబంధ రంగాలకే కేటాయించింది. కానీ ఈ హామీతో దొరికే కొత్త అప్పు పాత బ్యాంకు రుణంలో మొదట 40 శాతం, 2022 మార్చి నుంచి 50 శాతం వరకే. అసలు బ్యాంకు రుణమే లేని మెస్సు యజమానికి, లీజుకు లాడ్జీ నడిపేవాడికి దాంతో ఒరిగిందేమీ లేదు. పథకంలోని పెద్ద లోపం ఇదే.

2022 మార్చి 27న షెడ్యూల్డ్ అంతర్జాతీయ విమానాలు తిరిగి మొదలయ్యాయి. అప్పటికే పెళ్లిళ్లు, తీర్థయాత్రలు, వారాంతపు ప్రయాణాలు గదులను నింపుతున్నాయి. తాజ్ హోటళ్ల మాతృసంస్థ 2020-21లో సుమారు 720 కోట్లు నష్టపోయి, 2022-23లో వెయ్యి కోట్ల లాభం దాటింది. 2023లో విశాఖపట్నం, హైదరాబాద్‌లతో సహా అనేక నగరాల్లో జరిగిన జీ20 సమావేశాలూ తోడయ్యాయి. ఈ లెక్కలు పెద్ద హోటళ్లవి. లాక్‌డౌన్‌లో ఊళ్లకు వెళ్లిన వంటవాళ్లు, రూమ్ బాయ్‌లలో కొందరు వేరే పనుల్లో కుదురుకుని తిరిగి రాలేదు. 2023లోనూ విదేశీ పర్యాటకుల సంఖ్య 95 లక్షల దగ్గరే ఆగి, 2019 స్థాయిని అందుకోలేదు.