తంగేడు పువ్వు, మన చాయ్ చరిత్ర

ప్రతి ఏడాది నివేదికలో పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు చదువుతుంటాం. ఈసారి మన బీడు భూముల్లో, చెరువు గట్ల మీద పూసే తంగేడు గురించి నాలుగు మాటలు రాస్తున్నాం. బతుకమ్మలో ముందు పేర్చేది ఈ పువ్వునే. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గుర్తించింది కూడా దీన్నే. కానీ దీన్ని కాచుకొని తాగొచ్చన్న సంగతి మనలో చాలామంది మరిచిపోయినం.

ఇప్పుడు పొద్దున లేస్తే చాయ్ లేనిదే పని సాగదు. ఈ అలవాటు మన తాతల నాటిది కాదు. తెల్లదొరలు అస్సాంలో తేయాకు తోటలు వేసింది 1830ల తర్వాతనే. అక్కడ పండిన ఆకు ఎక్కువగా ఓడలెక్కి ఇంగ్లండుకు పోయేది. మన దేశంలో కూడా అమ్ముకోవాలని 1903లో తేయాకు ఎగుమతి మీద ఒక పన్ను చట్టం చేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టినరు. ఊరూరా తిరిగి చాయ్ కాచి చూపించి, ఉచితంగా పోసి అలవాటు చేసినరు. అంటే చాయ్ మన ఇంటికి దానంతట అది రాలేదు, తెచ్చి అలవాటు చేస్తే వచ్చింది. అంతకు ముందు మనోళ్లు అంబలి, మజ్జిగ తాగేటోళ్లు. జలుబో జ్వరమో వస్తే మిరియాలు, తులసి, శొంఠి వేసి కషాయం కాచుకునేటోళ్లు.

తంగేడును కాచి తాగడం కూడా పాత అలవాటే. తమిళనాడులో దీన్ని ఆవారం అంటారు. శ్రీలంకలో రణవర అంటారు, అక్కడ ఎండిన పూలు, ఆకులు కాచి, బెల్లం ముక్క కొరుక్కుంటూ తాగుతారు. ఈ చెట్టుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. దీని బెరడుతో తోళ్లు శుద్ధి చేసేవారు. మద్రాసు రాష్ట్రంలో తోళ్ల వ్యాపారం చాలాకాలం ఈ బెరడు మీదనే నడిచింది. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెట్టు బెరడు దిగుమతి అయ్యాక దీని గిరాకీ తగ్గింది. బెరడు ఒలిచి, మోసి, ఎండబెట్టిన చేతులు కూలోళ్లవి. లాభం మాత్రం వాళ్లకు దక్కలేదు.

ఇప్పుడు అదే పువ్వు ఎండబెట్టి డబ్బాల్లో అమ్ముతున్నరు. మన గట్టు మీద పూసిన పువ్వును మనమే కొనుక్కునే రోజు రాకముందే చేసే పద్ధతి మన చేతిలో ఉండాలి. పద్ధతి ఇది. మందు కొట్టని చోట, రోడ్డు దుమ్ము పడని చోట పొద్దున్నే విచ్చిన పూలు తెంపాలి. కాడలు, పురుగులు ఏరేసి, ఒకసారి కడిగి, పల్చటి గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. చేత్తో నలిపితే గలగలమని పొడి కావాలి. తడి ఉంటే బూజు పడ్తది. మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో దాచుకోవాలి. గ్లాసు నీళ్లకు ఒక చెంచా పూలు వేసి, నాలుగైదు నిమిషాలు మరిగించి వడకట్టాలి. కొంచెం అల్లం, ఇష్టముంటే బెల్లం. రోజుకు ఒక గ్లాసు చాలు.

ఒక్క విషయం మాత్రం అక్కలందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పసుపు పువ్వు పూసిందల్లా తంగేడు కాదు. కసివింద కూడా పసుపుగానే పూస్తది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు ఏటా అంతుచిక్కని రోగంతో చనిపోతుంటే, కసివింద గింజలు తినడమే కారణమని 2007లో వైద్యులు తేల్చినరు. తంగేడు గట్టి కొమ్మల పొద. దాని ఆకులు చిన్నగా, కొస మొద్దుగా, ఒక్కో రెమ్మకు ఎనిమిది నుంచి పన్నెండు జతలు ఉంటయి. కాయ కాగితంలా పల్చగా ఉంటది. కసివింద మెత్తటి కలుపు మొక్క. ఆకులు పెద్దగా, కొస మొనదేలి, నాలుగైదు జతలే ఉంటయి, నలిపితే చెడు వాసన వస్తది. అనుమానం ఉంటే తెంపొద్దు, పెద్దమ్మలకు చూపించాలి.

తంగేడు షుగర్‌కు మంచిదని చాలామంది అంటరు. కానీ దీన్ని నమ్ముకొని డాక్టరు ఇచ్చిన గోలీలు ఆపొద్దు. షుగర్ ఉన్నోళ్లు బెల్లం వేసుకోవద్దు. గర్భిణులు, బాలింతలు, రోజూ మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగాకే తాగాలి. అమ్ముకోవాలనుకునే సంఘాలు ముందు ఆహార భద్రత శాఖలో నమోదు చేయించుకోవాలి. డబ్బా మీద రోగం తగ్గిస్తదని రాయొద్దు, అది చట్టానికి విరుద్ధం.

తెంపేటప్పుడు సగం పూలు చెట్టుకే వదలాలి, విత్తనం కావాలి గదా. బెరడు జోలికి పోవద్దు. రోడ్లకు, ప్లాట్లకు బీళ్లు పోతుంటే తంగేడు కూడా పోతున్నది. ప్రతి సంఘం తన ఊరి గట్టు మీద పది మొక్కలు కాపాడితే, రేపు మన బిడ్డలకు బతుకమ్మ పువ్వూ ఉంటది, పొయ్యి మీద కాగే పువ్వూ ఉంటది.