వన్స్ మోర్! తెర మీద పరిగెత్తే మాటల పాత చరిత్ర

మొన్నామధ్య మా టీములో ఒక కుర్రాడు జపాన్ కార్టూన్ ఒకటి చూపించాడు. బొమ్మ మీదే కుడి నుంచి ఎడమకి చూసేవాళ్ల వ్యాఖ్యలు పరిగెడుతున్నాయి. "ఇదేం గోలరా, ఇంక బొమ్మ చూసేదెట్లా?" అన్నాను. పది నిమిషాలు గడిచాక గమనిస్తే, బొమ్మ వదిలేసి ఆ మాటలే చదువుకుని నవ్వుకుంటున్నాను :)

జపాన్‌వాళ్లు దీన్ని 'దన్మాకు' అంటారు, అంటే తూటాల తెర. 2006 డిసెంబరులో మొదలైన నికోనికో దీన్ని జనంలోకి తెచ్చింది. చైనాలో 2009లో పుట్టిన బిలిబిలికి ఇదే గుర్తింపు అయింది. మన ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే కిటుకు చిన్నదే. వ్యాఖ్యని గడియారం టైముకి కాకుండా వీడియోలోని సెకనుకి కడతారు. మూడేళ్ల కిందట ఎవడో నవ్విన చోటే ఈరోజు మీరూ నవ్వుతారు. గదిలో ఒక్కరే ఉన్నా పదిమందితో కూర్చుని చూసినట్టుంటుంది.

సరే, ఇదంతా కొత్తేనా అని ఆలోచిస్తే మా ఊరు గుర్తొచ్చింది. మాది వెంకటగిరికోట పక్క. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే సరిహద్దు. మా చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర మహాభారతం తిరునాళ్లు జరుగుతాయి. చాలాచోట్ల 18 రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతూ పద్యాలు పాడుతుంటే, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో ఉంటారు. ఆయన పైనుంచి విసిరేవాటి కోసం కొంగు పడతారు. అక్కడ ప్రేక్షకులు వేరు, నాటకం వేరు కాదు.

వస్త్రాపహరణం రాత్రి మా అవ్వ దుశ్శాసనుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేది. నాకు సిగ్గేసి, "అరవద్దవ్వా, అందరూ చూస్తా ఉండారు" అంటే, "ఊరికే చూసేదానికైతే నిద్ర చెడగొట్టుకుని ఈడికి రావల్లనా నాయనా?" అనింది. పొద్దున్నే అదే దుశ్శాసనుడికి మా ఇంట్లో కాఫీ ఇచ్చింది. తిట్టింది పాత్రని, మనిషిని కాదు.

పద్యనాటకాల సంగతి మీకు తెలిసిందే. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటివాళ్లు కృష్ణుడి పద్యం ఎత్తుకుంటే 'వన్స్ మోర్' కేకలు పడేవి, పద్యం మళ్లీ మొదలయ్యేది. మధ్యలో కథ ఆపి చదివింపులు చదివేవాళ్లు. ఫలానావారు వంద రూపాయలు! యూట్యూబు 2017లో పెట్టిన సూపర్ చాట్ దీనికి తమ్ముడే. ఇక అష్టావధానంలో అడ్డుతగలడానికే ఒక మనిషికి పీట వేస్తారు. అప్రస్తుత ప్రసంగం ఆయన పని. సభ నిద్రపోకుండా ఉండేది సగం ఆయన వల్లే. కాకపోతే ఆ పీట ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరు. బిలిబిలి కూడా సభ్యత్వానికి 100 ప్రశ్నల పరీక్ష పెట్టింది!

అయితే నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. వేశ్యావ్యసనం మీద కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి' రాశారు. సంస్కరణే ఉద్దేశం. ఊరూరా ఈలలు పడేది మాత్రం సుబ్బిశెట్టి సన్నివేశాలకి. ఈలలు ఎక్కడ పడితే అక్కడ నటులు సొంత మాటలు చేర్చుకుంటూ పోయారు, బూతు పెరిగింది. నాటకం తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనల్ని నిషేధించింది. నిషేధం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటి. ఎవరూ కూర్చుని ఆ నాటకాన్ని చెడగొట్టాలని అనుకోలేదు. ప్రతి రాత్రీ ఈలని బట్టి కాస్త కాస్త మార్చారు, అంతే. మనం రోజూ డాష్‌బోర్డు చూసి చేసే పని ఇదే కదా?

అవ్వ విషయంలో నేను ఆలస్యంగా గమనించిందొకటుంది. ఆమెకి భారతం ముందే తెలుసు. చాప మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకే అరుపుల వల్ల కథ చెడలేదు, పైగా రుచి పెరిగింది. తెలియని కథకి అవే అరుపులు అడ్డం.

అందుకని నా మటుకు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కొత్తదేదైనా మొదటిసారి మాటలు ఆపేసి చూస్తాను. నచ్చితే రెండోసారి మాటలతో. ఆ రెండోసారి మాత్రం అవ్వ పక్కన చాప మీద ఉన్నట్టే ఉంటుంది.