వేంపల్లె సున్నపురాయి

కడప జిల్లాలో పాపాఘ్ని నది గండి వద్ద కొండలను చీల్చుకొని వేంపల్లె వైపు సాగుచున్నది. గండి కొండలు గట్టి క్వార్ట్‌జైటు రాళ్ళు. వాటిపైన వందలాది సున్నపురాతి పొరలు ఈశాన్యమునకు కొద్దిగా వాలి యున్నవి. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలలపై తన గ్రంథమును ప్రకటించినప్పుడు ఈ పొరలకు వేంపల్లె పేరు పెట్టినాడు. (ఇండ్లలో పరచుకొను కడప బండలు ఇవి కావు, అవి ఎంతో తరువాతి కాలపు నార్జి సున్నపురాళ్ళు.)

వేంపల్లె పొరల మొత్తపు మందము సుమారు 1900 మీటర్లు. తిరుమల కొండ ఎత్తుకు దాదాపు రెట్టింపు! ఇంత రాయి పేరుకొనుటకు సముద్రము కూడ అంత లోతుగా నుండి యుండవలెనని ఎవరికైనను తోచును. కాని రాయి చెప్పు సాక్ష్యము వేరు. పొర తరువాత పొరలో అలలు తీర్చిన ముడుతలున్నవి. ఎండిన చెరువులోవలె నెర్రెలు విచ్చిన బురద గుర్తులున్నవి. నీరు ఆవిరియై పోగా మిగిలిన ఉప్పు స్ఫటికముల అచ్చులు కూడ కలవు. ఇవి లోతు నీటిలో ఏర్పడునవి కావు.

అన్నిటికంటె గట్టి సాక్ష్యము స్ట్రొమటోలైటులది. 1908లో జర్మను శాస్త్రజ్ఞుడు కాల్కోవ్‌స్కీ పెట్టిన పేరిది. కోసిన ఉల్లిగడ్డవలె పొరలు పొరలుగా, గుమ్మటముల ఆకారములో ఇవి కనబడును. అప్పటికి గవ్వలు లేవు, చేపలు లేవు. సయనోబాక్టీరియములనెడి సూక్ష్మజీవులు జిగురు చాపవలె సముద్రపు అడుగున పరచుకొని, సున్నపు రేణువులను పట్టి నిలిపినవి. అవి నీటిలోని బొగ్గుపులుసు వాయువును వాడుకొనుటచేత సున్నము విడివడి పేరుకొన్నది. అందులో చాల భాగము తరువాత మెగ్నీషియము చేరి డోలొమైటుగా మారినది. ఆ జీవులకు సూర్యరశ్మి కావలెను గనుక నీటి లోతు ఎన్నడును ఎక్కువ కారాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ అఖాతమున ఇట్టివి నేటికిని పెరుగుచున్నవి.

మరి తక్కువ లోతు నీటిలో 1900 మీటర్ల రాయి ఎట్లు పేరుకొన్నది? అడుగు నేల నెమ్మదిగా క్రుంగుచుండుటచేతనే. ఖండపు అంచున భూపటలము సాగి పలుచబడును. తరువాత చల్లబడి, బరువెక్కి దిగును. పైన చేరిన రాతి బరువు దానిని ఇంకను అణచును. నేల ఎంత దిగిన సున్నము అంత పెరిగినది. పెరుగుదల ముందుకు పోయినప్పుడు తీరము బయటపడి ఉప్పు మిగిలినది. వెనుకబడినప్పుడు నీరు లోతై బురద చేరినది. సున్నపురాళ్ళ నడుమ నేడు కనబడు షేలు పొరలలో కొన్ని అట్టివి కావచ్చును. పగడపు దీవుల విషయములో డార్విన్ 1842లో చెప్పిన తర్కము ఇట్టిదే. బహామా దీవులలో 1947లో తవ్విన బావిలో ఇట్టి సున్నపురాయి 4 కిలోమీటర్లకు పైగా కనబడినది.

వేంపల్లె సముద్రపు కథ లావాతో ముగిసినది. పై పొరలలో లావా ప్రవాహములు కలవు. తరువాత నేల పైకి తేలి, కోతకు గురియై, దానిపై పులివెందుల క్వార్ట్‌జైటు పరచుకొన్నది. ఆపైన నున్న తాడిపత్రి పొరలలోనికి, పులివెందుల ప్రాంతమున చొరబడిన ఒక శిలాద్రవపు పలక వయస్సు 188 కోట్ల 50 లక్షల సంవత్సరములని 2008లో ప్రకటించిరి. వేంపల్లె రాళ్ళు అంతకంటె పాతవన్నమాట. ఇట్టి పలకలే డోలొమైటును కాల్చిన చోట, బ్రాహ్మణపల్లె వద్ద, రాతినార పుట్టినది. తుమ్మలపల్లెలో యురేనియము తవ్వుచున్నది కూడ ఈ డోలొమైటు నుండియే.