కంపైలర్ సాధనాల్లో ఫలిత ఫైళ్ల స్థానం, లింకర్ ఆప్షన్లు

కంపైలర్ అనేది ప్రోగ్రామర్ రాసిన సోర్స్ కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్. ఒక్కొక్క సోర్స్ ఫైలుకు అది తయారుచేసే అసంపూర్ణ యంత్రభాషా భాగాన్ని ఆబ్జెక్ట్ ఫైలు అంటారు. ఇటువంటి భాగాలను, ముందే సిద్ధం చేసి ఉంచిన లైబ్రరీలను ఒకచోట చేర్చి, ఒక ఫైలు పిలిచే ఫంక్షన్ మరొక ఫైలులో ఎక్కడుందో కనిపెట్టి ఆ చిరునామాను పూరించి, నడవగల ప్రోగ్రామును తయారుచేసేది లింకర్. ఫలిత ఫైళ్లు డిస్కులో ఎక్కడ చేరాలి, లింకర్ ఏ లైబ్రరీలను ఎక్కడ వెతకాలి అనే రెండు విషయాలను నిర్దేశించే పద్ధతులు మొదట స్థిరమైన ఒక్క పేరుతో ప్రారంభమై, తరువాత ప్రోగ్రామర్ ఇచ్చే ఆప్షన్లుగా, అటుపై నిర్మాణ సాధనాలు తామే పాటించే నియమాలుగా మారాయి.

తొలి దశ

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 1949లో పని ప్రారంభించిన ఎడ్‌శాక్ కంప్యూటర్ కోసం డేవిడ్ వీలర్ రూపొందించిన ప్రారంభ ఆదేశాలు, కాగితపు టేపు మీది సబ్‌రొటీన్ మెమొరీలో ఏ చోటికి చేరితే ఆ చోటికి తగినట్టు అందులోని చిరునామాలను సవరించేవి. 1952లో గ్రేస్ హాపర్ యూనివాక్ యంత్రానికి తయారుచేసిన ఏ-0 వ్యవస్థ, టేపులో ఉన్న సబ్‌రొటీన్లను వాటి సంఖ్యలను బట్టి ఏరి ఒకే ప్రోగ్రాముగా కూర్చేది కాబట్టి, నేటి లెక్కలో అది లింకర్‌కు దగ్గరగా ఉంటుంది. 1958 నాటి ఫోర్ట్రాన్-2 సబ్‌రొటీన్లను విడివిడిగా కంపైల్ చేసుకునే వీలు కల్పించడంతో, వాటిని తరువాత కలపడం ప్రత్యేకమైన పనిగా నిలిచింది.

యూనిక్స్ సంప్రదాయం

యూనిక్స్ తొలిరోజుల్లో పీడీపీ-7 యంత్రం మీద కెన్ థాంప్సన్ రాసిన అసెంబ్లర్‌కు లింకర్ గానీ లైబ్రరీలు గానీ తోడు లేవు. దాని ఫలితం ఎప్పుడూ ‘ఏ.అవుట్’ అనే పేరుతోనే వెలువడేది. ఆ తరువాత లింకర్ వచ్చి, వేరే పేరు ఇచ్చే వీలు కలిగినా, పేరు చెప్పనప్పుడు వాడే పేరుగా ‘ఏ.అవుట్’ నిలిచిపోయింది. ‘-ఓ’ ఆప్షన్ ఫలితానికి పేరు పెడుతుంది. ‘-సీ’ లింకింగ్ జరపకుండా ఆబ్జెక్ట్ ఫైలుతోనే ఆపుతుంది. ఆంగ్ల చిన్నక్షరపు ‘-ఎల్’ లైబ్రరీ పేరును, పెద్దక్షరపు ‘-ఎల్’ దాన్ని వెతకవలసిన డైరెక్టరీని తెలుపుతాయి. సంప్రదాయ లింకర్ ప్రతి ఆర్కైవ్ లైబ్రరీని వరుసలో దాని వంతు వచ్చినప్పుడు ఒక్కసారే చూసి, అప్పటికి నిర్వచనం దొరకని పేర్లకు కావలసిన భాగాలనే తీసుకుంటుంది గనుక, లైబ్రరీని దాన్ని వాడే ఫైలుకు ముందు పేర్కొంటే ఫంక్షన్ దొరకలేదన్న లోపం వస్తుంది. సాధారణంగా ప్రోగ్రామర్ లింకర్‌ను నేరుగా పిలవడు, కంపైలరే పిలుస్తుంది. అందుకే 1987లో వెలువడిన జీసీసీ వంటి కంపైలర్లలో, ఇచ్చిన ఆప్షన్లను లింకర్‌కు అందించే ‘-డబ్ల్యూఎల్’ ఆప్షన్ అవసరమైంది.

డైరెక్టరీల వేర్పాటు

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’, ఫైళ్లు మారిన సమయాలను పోల్చి, మారినవాటికి సంబంధించిన భాగాలనే తిరిగి నిర్మించేది. ఆబ్జెక్ట్ ఫైళ్లు సోర్స్ పక్కనే పేరుకుపోతే ఒకే సోర్స్ నుంచి రెండు రకాల యంత్రాలకు, లేదా పరీక్ష కోసం ఒకటి, విడుదల కోసం ఒకటి నిర్మించడం కష్టమయ్యేది. ఒకదాని ఫలితం మరొకదాన్ని చెరిపివేసేది. ఈ ఇబ్బందికి పరిష్కారంగా నిర్మాణాన్ని వేరే డైరెక్టరీలో జరిపే పద్ధతిని గ్నూ సాధనాలు, తరువాత కిట్‌వేర్ సంస్థ రూపొందించిన సీమేక్ ప్రోత్సహించాయి. గ్లాస్గో హాస్కెల్ కంపైలర్‌లో ఆబ్జెక్ట్ ఫైళ్లకు ‘-ఓడిర్’, మాడ్యూల్ వివరాలుండే ఇంటర్‌ఫేస్ ఫైళ్లకు ‘-హెచ్ఐడిర్’, అన్నిటికీ కలిపి ‘-అవుట్‌పుట్‌డిర్’ అనే ఆప్షన్లు ఉన్నాయి. ‘మెయిన్’ మాడ్యూల్ ఉన్న రెండు ప్రోగ్రాములు ఒకే డైరెక్టరీని పంచుకున్నప్పుడు కలిగే గందరగోళాన్ని ఇవి తప్పిస్తాయి.

నడిచే వేళ లింకింగ్

1988 నాటి సన్ఓఎస్ 4.0 వంటి వ్యవస్థలతో, లైబ్రరీని ప్రోగ్రాములో కలిపివేయకుండా నడిచే సమయంలో జతచేసే పద్ధతి వ్యాపించింది. దీంతో నిర్మాణ సమయంలో లైబ్రరీ దొరికిన చోటు, నడిచేటప్పుడు దాన్ని వెతకవలసిన చోటు వేరుపడ్డాయి. రెండోదాన్ని ప్రోగ్రాములోనే రాసిపెట్టేందుకు ‘ఆర్‌పాత్’ ఆప్షన్ ఉపయోగపడుతుంది. ఇంకా ఇన్‌స్టాల్ కాని లైబ్రరీలను లిబ్‌టూల్ అనే సాధనం ‘.లిబ్స్’ అనే ఉపడైరెక్టరీలో ఉంచుతుంది.

ఇటీవలి పరిణామాలు

రస్ట్ భాషకు చెందిన కార్గో, ఏ సూచనా ఇవ్వకపోయినా ఫలితాలను ‘టార్గెట్’ డైరెక్టరీలో, డీబగ్, రిలీజ్ అనే విభాగాలుగా ఉంచుతుంది. పెద్ద ప్రాజెక్టులలో లింకింగే ఆలస్యానికి కారణం కావడంతో గోల్డ్, ఎల్ఎల్‌డీ, మోల్డ్ వంటి వేగవంతమైన లింకర్లు వచ్చాయి. లినక్స్ మీద 64-బిట్ ఇంటెల్ తరహా యంత్రాలకు 2025లో రస్ట్ 1.90 ఎల్ఎల్‌డీని డిఫాల్ట్ లింకర్‌గా స్వీకరించింది. నిర్మాణం జరిగిన డైరెక్టరీ పేరు డీబగ్ సమాచారంలో చేరితే, ఒకే సోర్స్‌ను వేర్వేరు చోట్ల నిర్మించినప్పుడు ఫలితాలు బైటు బైటుకు సరిపోలవు. ఈ తేడాను తొలగించేందుకు జీసీసీ 8లో ఆ పేరును మార్చి రాసే ‘-ఎఫ్‌ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్’ ఆప్షన్ చేరింది. నిర్మాణ సాధనాలు ఎంత స్వయంచాలితమైనా యూనిక్స్ తరహా వ్యవస్థలలో అవి చివరకు కంపైలర్‌కు పంపేవి చాలావరకు పాత ‘-ఓ’, ‘-ఎల్’ ఆప్షన్లే కావడం వల్ల, లింకింగ్ లోపాలను సరిదిద్దడానికి వాటి అర్థం, వాటి వరుస తెలిసి ఉండవలసిన అవసరం ఇప్పటికీ ఉంది.