చుక్కకు చుక్క

మన షెడ్డుల్లో టైమింగు సరిచేయడమంటే చాలాకాలం ఒకటే అర్థం: డిస్ట్రిబ్యూటరును కాస్త అటో ఇటో తిప్పి, ప్లగ్గు మండే క్షణాన్ని కుదర్చడం. వాల్వులకు వేరే టైమింగు ఉంది. నేను రాయదలచినది దాని సంగతి.

1876లో ఒట్టో నాలుగు అంచెల ఇంజను తయారుచేసిన నాటి నుండి లెక్క మారలేదు. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి వాల్వులు తమ పని ఒక్క విడత ముగించాలి. కనుక వాటిని నడిపే కామ్‌షాఫ్టు సగం వేగంతో తిరగాలి. అయితే తొలినాళ్ళ కార్లలో చాలావాటికి ఈ క్రమశిక్షణ సగమే. పొగ పోయే వాల్వును కామ్ తెరిచేది. గాలి వచ్చే వాల్వుకు మాత్రం ఒక పలుచని స్ప్రింగు తగిలించి వదిలేసేవారు. పిస్టను దిగుతూ పీల్చినప్పుడు అదే తెరుచుకునేది. వేగం పెరిగితే పాపం, అందుకోలేకపోయేది! 1901 నాటి 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌లో మేబాక్ ఆ వాల్వునూ కామ్‌కే అప్పగించాడు. ఏ డిగ్రీ దగ్గర తెరవాలో, ఏ డిగ్రీ దగ్గర మూయాలో నిర్ణయించే అధికారం అలా మనిషి చేతికి వచ్చింది. తప్పు పెట్టే అవకాశమూ వెంటే వచ్చింది.

మన అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజనులో కామ్‌షాఫ్టు బ్లాకు కడుపులోనే ఉండేది. చెయిను బిగించేటప్పుడు రెండు పళ్ళచక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా రావాలి. ఆపైన మూత వేసేస్తే, ఇంజను మళ్ళీ విప్పేదాకా ఆ చుక్కలను చూసే పని పడేది కాదు.

1962లో బవేరియాలోని గ్లాస్ అనే చిన్న కంపెనీ తన 1004 కారులో చెయిను తీసేసి పళ్ళున్న రబ్బరు బెల్టు పెట్టింది. విరివిగా తయారైన కార్లలో ఇదే మొదటిది. చప్పుడు తగ్గింది, నూనె అక్కరలేకపోయింది. కానీ రబ్బరుకు ఆయుష్షు ఉంటుంది. ఇంజను విప్పకపోయినా చుక్కలు చూడవలసిన రోజు వచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800తో ఆ బెల్టు మన వీధుల్లోకీ వచ్చింది.

పని చూడటానికి చిన్నదే. పైపుల్లీ గుర్తును హెడ్డు మీది గుర్తుకూ, కింది గుర్తును దాని స్థానానికీ తెచ్చి, బెల్టు ఎక్కించి, బిగువు సరిచేయాలి. తరువాత క్రాంకును పానాతో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడాలి. ఒక్క చుట్టుతో చాలించకూడదు, కామ్ అప్పటికి సగమే తిరిగి ఉంటుంది. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం చూపక ఆగిపోవాలి. చాలా ఇంజన్లలో అది వాల్వుకు పిస్టను తగలడమే.

పైచక్రానికి 40 పళ్ళున్నాయనుకుందాం. ఒక్క పన్ను తప్పితే కామ్ 9 డిగ్రీలు, క్రాంకు లెక్కలో 18 డిగ్రీలు తప్పినట్లే. బండి కదులుతుంది, కానీ ఎత్తు ఎక్కదు. యజమాని కార్బురేటరును తిట్టుకుంటాడు.

పాత బెల్టు తీసేముందు దాని మీదా పుల్లీ మీదా పెయింటుతో గీతలు పెట్టుకుని, కొత్తదాన్ని వాటి ప్రకారం ఎక్కించే అలవాటు కొందరిది. నాకది నచ్చదు. ముందటివాడు ఒక పన్ను తప్పి ఉంటే ఆ తప్పు కొత్త బెల్టుకూ సంక్రమిస్తుంది. కంపెనీ చెక్కిన గుర్తే ప్రమాణం.

ఆ ప్రమాణం కూడా ఇప్పుడు అన్ని ఇంజన్లకూ లేదు. కొన్నింటిలో కామ్ చక్రానికి తాళపుచీల ఉండదు. బోల్టు వదులు చేస్తే షాఫ్టు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. షాఫ్టులను నిలిపి ఉంచే ప్రత్యేక పనిముట్టు లేకుండా దానిని కుదర్చలేము. కంటిచూపే ఆస్తిగా బతికిన వీధి మెకానిక్కు ముందు ఆ పనిముట్టు కొనుక్కోవాలి. అదీ ఒక్కో ఇంజనుకు ఒక్కొక్కటి.